ముసుగు అకౌంట్ పీడ ఎలా వదిలిందంటే

రాత్రి పదకొండున్నరకి మా పిన్ని ఫోన్. "నీ పేరుతో ఎవడో నాకు బూతులు పంపుతున్నాడే, చూసుకున్నావా?" చూస్తే నా పెళ్లి ఫోటోనే, నా పేరు చివర ఒక అంకె ఎక్కువ. మూడో రోజుకి నాకే బెదిరింపులు మొదలయ్యాయి.

టెన్షన్‌లో ఆ అకౌంట్‌ని వెంటనే తీయించేద్దామనుకున్నా. మా తమ్ముడు ఆపాడు. అది పోతే చూపించడానికి ఏం మిగులుతుందని. స్క్రీన్‌షాట్‌లో పేరు ఒక్కటే చాలదు, పేరు ఎప్పుడైనా మార్చేస్తారు. ప్రొఫైల్ లింకు, తేదీ, టైము కూడా రాసిపెట్టుకున్నా. పిన్నిని మెసేజ్‌లు డిలీట్ చేయొద్దన్నా గానీ, ఆవిడ అప్పటికే సగం తీసేసింది, పాపం.

తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు పట్టుకుని స్టేషన్‌కి వెళ్లా. ఐటీ చట్టంలో ఆన్‌లైన్ అభ్యంతరకర మెసేజ్‌లకి శిక్ష వేసే 66ఎ సెక్షన్ పెట్టించమని ఒక బంధువు సలహా. దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. ఎఫ్ఐఆర్‌లో రాసినవి అదే చట్టంలోని 66సి (ఇంకొకరి గుర్తింపుని దొంగిలించి వాడటం), 66డి (ఆన్‌లైన్‌లో ఇంకొకరిలా నటించి మోసం చేయడం). ఒక్కోదానికి మూడేళ్ల దాకా జైలు. పేరు దాచుకుని బెదిరించినందుకు భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 351(4) కింద, మామూలు బెదిరింపుకి పడే శిక్షకి అదనంగా మరో రెండేళ్ల దాకా పడొచ్చు. ముసుగే వాడి కొంప ముంచిందన్నమాట.

ఆ అకౌంట్ ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి నడిచిందో చెప్పే ఐపీ వివరాలు పోలీసులే తెప్పించారు. తేలింది పాత క్లాస్‌మేట్. వాళ్ల నాన్న పళ్లు పట్టుకుని రాజీకొచ్చాడు. పళ్లు తిరిగి పంపేశాం.