ఇంగ్లీషు కలిపినా తెలుగు పోకుండా మాట్లాడటం ఎలా

ముందే చెప్పేస్తున్నా, బస్సు, ఫోను, ఆఫీసు, చార్జరు లాంటి వాటికి తెలుగు పేర్లు వెతుక్కుంటూ కూర్చోకండి. రైలుని ధూమశకటం అనీ సెల్‌ఫోన్‌ని చరవాణి అనీ ఇంట్లో ఎవరూ పిలవరు, పట్టుబట్టి పిలిచినా నాలుగు రోజులకి మానేస్తారు, దాంతోపాటు తెలుగులో మాట్లాడదామన్న ఉత్సాహం కూడా చల్లారిపోతుంది. తెలుగు జారిపోతున్నది పేర్ల దగ్గర కాదు, క్రియల దగ్గర. ఆ తర్వాత, ఒక మాటని ఇంకో మాటతో కలిపే చోట. ఈ రెండు చోట్ల జాగ్రత్తపడితే మిగతా ఇంగ్లీషు ఎంత ఉన్నా మీది తెలుగే.

బయటి మాటలు తీసుకోవడం మనకి కొత్తేమీ కాదు. కుర్చీ, రోజు, ఖర్చు, బజారు, జవాబు, వకీలు, తహసీల్దారు ఫారసీ, ఉర్దూల దారిన వచ్చాయి. అల్మారా, మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చినవి. వీటిలో దేన్నీ ఇప్పుడు ఎవరూ పరాయి మాట అనుకోరు. ఇంగ్లీషు మాటల్నీ అలాగే కలుపుకున్నాం, చివర ఒక ఉకారం తగిలించి రోడ్డు, బల్బు, టిక్కెట్టు, పెన్ను అన్నాం, బహువచనానికి 'లు' చేర్చి కార్లు, ఫైళ్ళు, బిల్లులు అన్నాం. ఉర్దూ క్రియలని కూడా అలాగే లోపలికి తెచ్చుకున్నారు మన పెద్దవాళ్ళు. దబాయించడం, కేసు బనాయించడం, కోపాన్ని నిభాయించుకోవడం ఎంత తెలుగుగా వినిపిస్తాయో చూడండి. ఇంగ్లీషు క్రియ దగ్గరే మనం ఆ పని చెయ్యలేదు. దాన్ని ఉన్నదున్నట్టు పెట్టి పక్కన 'చెయ్యి' అనో 'అవు' అనో తగిలించి వదిలేస్తున్నాం. వాష్ చెయ్యి, కట్ చెయ్యి, ఓపెన్ చెయ్యి, వేర్ చెయ్యి. దీనివల్ల ఏం పోతోందో చూద్దాం.

తెలుగులో గిన్నెలు తోముతాం, బట్టలు ఉతుకుతాం, ఉతికాక జాడిస్తాం, బియ్యం కడుగుతాం, ఇల్లు ఊడుస్తాం, నేల తుడుస్తాం, వీపు రుద్దుతాం. 'క్లీన్ చెయ్యి' అంటే ఇవన్నీ ఒక్కటే అయిపోతాయి. కూరలు తరుగుతాం, మామిడికాయ కోస్తాం, గుడ్డ కత్తిరిస్తాం, చెట్టు నరుకుతాం, పెన్సిల్ చెక్కుతాం, కరివేపాకు రెబ్బ తుంచుతాం, అన్నిటికీ కలిపి ఇప్పుడు మిగిలింది 'కట్'. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, కళ్ళజోడు పెట్టుకుంటాం, పూలు ముడుచుకుంటాం. కారు నడుపుతాం, ఎడ్లబండి తోలుతాం, సైకిల్ తొక్కుతాం. ఏ వస్తువుతో ఏ పని ఎలా చేస్తామో ఆ మాటలోనే ఉంటుంది, చెయ్యి ఎలా కదులుతుందో కూడా ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 8 కోట్లకు పైనే, కాబట్టి తెలుగు రేపే పోతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఇంట్లో రోజూ తెలుగే మాట్లాడుతూ కూడా 'జాడించు', 'తరుగు' తెలియని పిల్లలు పెరుగుతున్నారు, నాకు అది నిజంగా బాధగా ఉంది.

అందుకని మొదలుపెట్టాల్సింది వంటింట్లో. ఒక వారం పాటు వంటింట్లో మాత్రం క్రియలన్నీ తెలుగులో చెప్పాలని ఇంట్లో అందరూ అనుకోండి. కుక్కర్, మిక్సీ, గ్యాస్, ఫ్రిజ్, నాన్‌స్టిక్ పాన్, వీటి జోలికి వెళ్ళకండి. పాలు కాయండి, నీళ్ళు మరిగించండి, పప్పు ఉడకబెట్టండి, వంకాయ కాల్చండి, బెండకాయలు వేయించండి, పోపు పెట్టండి. వంటిల్లే ఎందుకంటే అక్కడ పని కళ్ళెదురుగా జరుగుతూ ఉంటుంది, మాట గుర్తు చేసుకోవడానికి తడుముకోనక్కర్లేదు, పైగా ఒకే మాట రోజుకి పదిసార్లు వస్తుంది. ఆ వారం గడిచాక స్నానం, బట్టలు, బండి, ఇలా ఒక్కో చోటికి వెళ్ళండి.

దీనికి ఒక మంచి నమూనా మనకి ఇప్పటికే ఉంది, దాన్నే పట్టుకోండి. బ్రేకు వేశాడు, హారన్ కొట్టాడు, ఫోను ఎత్తలేదు, చార్జింగ్ పెట్టాను, లైను కట్టారు, ఫొటో దిగాం. పేరు ఇంగ్లీషు, పని తెలుగు. ఫొటోలో పడేవాడు దిగుతాడు, కెమెరా పట్టుకున్నవాడు తీస్తాడు, ఈ తేడా ఏ పండితుడూ కూర్చుని కనిపెట్టింది కాదు, జనం నోటిలో పుట్టింది. కొత్త వస్తువు ఏది వచ్చినా ఇలాగే అడగండి, దీనికి తెలుగు పేరేంటి అని కాదు, దీంతో మనం చేసే పనికి తెలుగు క్రియ ఏది నప్పుతుంది అని. మెసేజ్ ఫార్వర్డ్ చెయ్యనక్కర్లేదు, పంపితే చాలు. ఫ్యాన్ ఆన్ చెయ్యడం కంటే ఫ్యాన్ వెయ్యడం తేలిక. డౌన్‌లోడ్, రీచార్జ్ లాంటివి ఒకటి రెండు మొండికేస్తాయి, వాటిని వదిలేయండి, వాటివల్ల పోయేదేం లేదు.

ఇంకోటి, ఇంగ్లీషు పేరు వాడినప్పుడు దానికి తెలుగు తోకే తగిలించండి. 'టికెట్స్ తెచ్చావా' కంటే 'టికెట్లు తెచ్చావా' మేలు, 'షూస్‌లు' అనేదైతే రెండుసార్లు బహువచనం.

ఇప్పుడు కష్టమైన భాగం. సో, బట్, బికాజ్, యాక్చువల్లీ, బేసికల్లీ. చిన్న మాటలే కదా అనిపిస్తుంది కానీ నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేవి ఇవే, ఎందుకంటే పేరు మారితే ఒక్క మాటే మారుతుంది, ఇవి వస్తే వాక్యం నడకే మారిపోతుంది. 'నేను రాలేదు బికాజ్ వాన పడింది' అనే వాక్యంలో ఒక్క మాటే ఇంగ్లీషు, కానీ వరస మొత్తం ఇంగ్లీషుదే. తెలుగులో కారణం ముందొస్తుంది, 'వాన పడిందని రాలేదు'. అంతే, రెండు వాక్యాలు ఒకటైపోయాయి. 'ఇఫ్ నువ్వు వస్తే' అనేవాళ్ళు కూడా ఉన్నారు, 'వస్తే'లో ఆ 'ఇఫ్' ఉండనే ఉంది. వీటిని ఒక్కసారిగా మానలేరు, కాబట్టి ఒక్కటే ఎంచుకోండి, 'సో'తో మొదలుపెట్టండి. నోటికి 'సో' వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి 'అందుకని' అనో 'అయితే' అనో 'సరే మరి' అనో అనండి. ఆ మూడింట్లో ఏది సరిపోతుందో వెతుక్కోవాల్సి రావడమే మంచిది, మీరు ఏం చెప్పబోతున్నారో మీకే తేటపడుతుంది. 'యాక్చువల్లీ'కి 'అసలు', 'బట్'కి 'కానీ', 'కాకపోతే'. పోనీ, ఇంతకీ, ఎటూ, ఇలాంటివి వాడుతూ ఉండండి, ఇవి ఉన్నచోట మాటకి ప్రాణం ఉంటుంది.

ఎదుట ఎవరున్నారో చూసుకుని కలపడం కూడా నేర్చుకోవాలి. ఆఫీసులో తోటివాళ్ళతో 'క్లయింట్ అప్రూవల్ పెండింగ్‌లో ఉంది' అంటే ఇబ్బందేం లేదు, వాళ్ళ పనిమాటలు అవే. కానీ రక్తపరీక్షకి వచ్చిన పెద్దావిడతో 'రేపు ఫాస్టింగ్‌లో రండమ్మా' అంటే ఆవిడ కాఫీ తాగి రావడానికి ఎక్కువ అవకాశం ఉంది, 'రేపు పరగడుపునే రండమ్మా, కాఫీ కూడా తాగకండి' అంటే ఆ గొడవే లేదు. డాక్టర్లు, నర్సులు, బ్యాంకు కౌంటర్లలో కూర్చునేవాళ్ళు, కస్టమర్ కేర్‌లో పనిచేసేవాళ్ళు దీన్ని మర్యాద కింద కాదు, తమ పని కిందే చూడాలని నా మనవి. 'ఆఫ్టర్ ఫుడ్' కాదు, తిన్నాక. 'డైల్యూట్ చేసి' కాదు, నీళ్ళలో కలిపి. బీపీ, షుగర్, ఎక్స్‌రే ఎలాగూ అందరికీ తెలుసు, అవి ఉండనివ్వండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళకి కూడా ఒక మాట. 'పెయిన్ ఉంది' అని ఊరుకోకండి. పన్ను సలుపుతోందా, జివ్వుమని లాగుతోందా? కడుపులో మంటా, మెలిపెట్టినట్టుందా? కాళ్ళు పీకుతున్నాయా, తిమ్మిరెక్కాయా? నడుము పట్టేసిందా? నొప్పి ఎలాంటిదన్నది డాక్టరు ఎలాగూ అడుగుతారు, తెలుగులో చెబితే అడక్కుండానే సగం విషయం తెలిసిపోతుంది.

చుట్టరికాల గురించి క్లుప్తంగా. 'కజిన్' అన్న మాట తెలుగు ఇంట్లో అబద్ధం కాకపోయినా అసలు విషయం దాచేస్తుంది. పిన్ని కొడుకు తమ్ముడో అన్నో, మేనమామ కొడుకు బావో బావమరిదో. బయటివాళ్ళని అంకుల్, ఆంటీ అంటే అననివ్వండి, ఇంటివాళ్ళని మాత్రం ఎవర్ని ఎలా పిలవాలో అలాగే పిలిపించండి. అంకెల దగ్గర ఇంకా సులువు, ఇరవై దాటాక పది మాట, దాని పక్కన ఒకట్ల మాట, అంతే, హిందీలోలాగా తొంభై తొమ్మిది వరకూ విడివిడిగా బట్టీ పట్టక్కర్లేదు. ఇంటి దగ్గర టైము చెప్పేటప్పుడు అయిదుంబావు, అయిదున్నర, అయిదూ ముప్పావు అనండి చాలు.

చాలామంది ఊరి నుంచి సిటీకి వచ్చాక ఇంగ్లీషు ఎక్కువ కలపడానికి కారణం గొప్పలు కాదు, తమ యాసని ఎవరైనా వెక్కిరిస్తారేమోనన్న టెన్షన్. ఇంగ్లీషు మాటకి ఏ జిల్లా వాసనా ఉండదు కదా. మీ ఎదుట ఎవరైనా ఊడుస్తున్నా అనడానికి వాకిలి ఊకుతున్నా అన్నా, కసువు చిమ్ముతున్నా అన్నా నవ్వకండి, అవి పుస్తకంలో మాట కంటే తక్కువవి కావు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల నోటి నుంచి ఏరిన మాటలతో 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం వెలువడింది, ప్రాంతానికొక మాట ఉంటే అవన్నీ అందులోకి ఎక్కాయి. అదే పద్ధతి ఇంట్లో కూడా పాటించండి, భార్యది వరంగల్లు, భర్తది ఒంగోలు అయితే పిల్లలకి రెండు మాటలూ రావాలి.

పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను, హైదరాబాద్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా ఇదే వర్తిస్తుంది. 'తెలుగులో మాట్లాడు' అని గద్దించకండి, గద్దిస్తే అసలు మాట్లాడటమే మానేస్తారు. 'అమ్మా, హ్యాండ్స్ వాష్ చెయ్యి' అంటే 'చేతులు కడగనా? రా, కడుగుతా' అని అదే మాట తెలుగులో తిరిగి అనండి, తప్పు దిద్దుతున్నట్టు కాకుండా. మీరు తెలుగులో చెప్పిన మాటని వెంటనే ఇంగ్లీషులో మళ్ళీ చెప్పకండి, అలా చెబితే తెలుగు వినాల్సిన పనే లేదని వాళ్ళకి అర్థమైపోతుంది. అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసినప్పుడు 'ఎలా ఉన్నారు, తిన్నారా' దగ్గర ఆపేయకుండా ఏదైనా ఒక పని ఎలా చేశారో పిల్లల చేత అడిగించండి. ఆవకాయ ఎలా పెట్టావు అమ్మమ్మా అని అడిగితే చాలు, కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టించి, ఆవాలు ఎండబెట్టి, దంచి, జల్లించి, ఉప్పూ కారం కలిపి, నూనె పోసి, జాడీకి ఎత్తి, మూడో రోజు తిరగకలిపిన సంగతంతా ఆవిడే చెబుతుంది, మీరు పక్కన కూర్చుని మధ్యలో ఇంగ్లీషులో వివరించకుండా ఉంటే సరిపోతుంది.