బ్రా కొనే ముందు చూసుకోవాల్సినవి

• ప్యాడ్ ఉన్న బ్రా మీద కొలతలు తీయకండి, కప్పు సైజు తప్పుతుంది. నెలసరి ముందు రొమ్ములు బరువెక్కే రోజులూ వద్దు.

• రొమ్ముల కింద టేపును నేలకు సమాంతరంగా, బిగుతుగా చుట్టి, ఊపిరి వదిలాక అంకె చూడండి. అది బ్యాండ్ (రొమ్ముల కింద చుట్టూ ఉండే పట్టీ) సైజు. తర్వాత రొమ్ము ఎత్తుగా ఉన్నచోట కొలవండి, అక్కడ మాత్రం టేపు నొక్కకూడదు. రెండు కొలతల తేడా 1 అంగుళమైతే కప్పు ఎ, 2 అయితే బి, 3 సి, 4 డి. ఇది మొదటి అంచనాయే. వేసుకుని చూడనిదే తేలదు.

• కొత్త బ్రాను అన్నిటికన్నా వదులైన కొక్కేల వరుసకే పెట్టి చూడండి. ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలి వరుసలు పనికొస్తాయి.

• ముందుకు వంగి, చంక వైపు జారిన భాగాన్ని చేత్తో కప్పులోకి సర్దుకోండి. దయచేసి ఇది మానొద్దు. చాలామంది చిన్న కప్పు కొనేది ఇక్కడే.

• కప్పు కింది వైరు రొమ్ము మీద ఎక్కితే కప్పు చిన్నది. కప్పు ముడతపడితే పెద్దది కావచ్చు, ఆకారం నప్పకపోయినా అంతే.

• వీపు మీద బ్యాండ్ పైకి పాకితే అది వదులు. భుజం పట్టీలు బిగించి సరిపెట్టకండి, భుజాలు కోసుకుపోతాయి. బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది బ్యాండే. 34సి (బ్యాండ్ 34, కప్పు సి) వదులైతే 32డి చూడండి, కప్పు పరిమాణం అదే.

• రెండు రొమ్ముల్లో తేడా ఉంటే పెద్దదానికి సరిపోయేది తీసుకోండి.