సముద్రపు అడుగున స్పంజికల సర్వే: నీటిలో గమనించడం నుంచి ప్రయోగశాలలో గుర్తించడం దాకా

స్పంజికల మీద పని మొదలుపెట్టేవారు సాధారణంగా ముందుగా వెతికేది బొమ్మలతో కూడిన గుర్తింపు పుస్తకం కోసం. చేపలకూ గవ్వలకూ ఆ పద్ధతి చాలావరకు పనికొస్తుంది గానీ స్పంజికల విషయంలో త్వరగానే చేతులెత్తేస్తుంది. ఒకే జాతి అలల తాకిడి ఎక్కువగా ఉన్నచోట బండకు అంటుకుని పలుచని పొరలా పెరిగి, నీరు నిలకడగా ఉన్నచోట వేళ్లలా పైకి లేవవచ్చు. పక్కపక్కనే కనిపించే రెండు నారింజ రంగు పొరలు ఏ దగ్గరి బంధుత్వమూ లేని రెండు వేర్వేరు క్రమాలకు చెందినవి కావచ్చు. ఇంతవరకు 9,000కు పైగా జాతులకు శాస్త్రీయంగా పేర్లు ఖరారయ్యాయి, ఇంకా పేరు పెట్టనివి ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది కత్తి పెట్టడానికి ముందు చేసే పరిశీలన. సీసాలోకి చేరిన ముక్కలో కంటకాలూ (అస్థిపంజరంగా ఉండే సూక్ష్మమైన ముళ్లలాంటి భాగాలు) డీఎన్ఏ మిగులుతాయి గానీ రంగు, ఆకారం, రంధ్రాల తీరు, పొరుగున ఏముందన్న సంగతి మిగలవు, వాటిని తర్వాత తిరిగి సంపాదించే మార్గం లేదు.

పని మొదలుపెట్టే ముందు కాస్త శరీర నిర్మాణం తెలిసి ఉండాలి. స్పంజిక ఉపరితలం నిండా ఉండే సన్నని రంధ్రాల గుండా నీరు లోపలికి వెళ్లి, కుల్యల (సన్నని కాలువల) వెంట, నీటిని నడిపించి ఆహారాన్ని పట్టే కాలర్ కణాలున్న గదుల్లోకి చేరి, పెద్ద రంధ్రమైన ఆస్కులమ్ గుండా బయటికి వస్తుంది. ఆస్కులమ్ నుంచి నీరు ధారగా వెలువడడాన్ని జంతుశాస్త్రజ్ఞుడు రాబర్ట్ గ్రాంట్ 1825 ప్రాంతంలో సూక్ష్మదర్శిని కింద గమనించి, స్పంజికలు జంతువులేనన్న వాదనకు బలమైన ఆధారం చూపించాడు. శరీరానికి దన్నుగా సిలికా కంటకాలో, కాల్షియం కార్బనేట్ కంటకాలో, స్పాంజిన్ అనే ప్రోటీన్ తంతువులో, లేదా వీటి కలయికో ఉంటుంది. నేడు అంగీకరించిన నాలుగు విభాగాల్లో డెమోస్పాంజియే చాలా పెద్దది, తెలిసిన జాతుల్లో అయిదింట నాలుగు వంతులకు పైగా దానిలోనే ఉన్నాయి. ఆరు కిరణాల సిలికా కంటకాలుండే గాజు స్పంజికలు హెక్సాక్టినెల్లిడా విభాగానికి, సున్నపు కంటకాలుండేవి కల్కేరియాకు చెందుతాయి. నాలుగోదైన హోమోస్క్లెరోమార్ఫాను 2012లో ప్రత్యేక విభాగంగా నిలబెట్టారు. ఈ విభజన కేవలం వర్గీకరణ శాస్త్రజ్ఞుల వ్యవహారం కాదు. మీ నమూనాను ఏ ద్రవంలో వేయాలి, ఏ రసాయనంతో శుభ్రం చేయాలి అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

సర్వే ప్రణాళిక

మొదట ప్రశ్నను తేల్చుకోవాలి. ఒక ప్రాంతంలో ఎన్ని జాతులున్నాయో తెలుసుకోవడం వేరు, సముద్రపు అడుగున స్పంజికలు ఎంత స్థలం ఆక్రమించాయో తెలుసుకోవడం వేరు. మొదటిదానికి బండల కింది భాగాలు, గుహల నోళ్లు, నిట్టనిలువు గోడలు, పగడాల చీలికలు అన్నీ వెతకాలి. వెలుతురు తక్కువగా ఉండి, నాచు పోటీ లేని అలాంటి చోట్లే జాతుల వైవిధ్యం తరచుగా ఎక్కువగా ఉంటుంది. రెండోదానికి వెతుకులాట పనికిరాదు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న చోట్ల ట్రాన్సెక్ట్ టేపు (సర్వే గీతగా పరిచే కొలత టేపు) పరిచి, దాని వెంట నిర్ణీత దూరంలో క్వాడ్రాట్లు (నిర్ణీత కొలతల చదరపు చట్రాలు) పెట్టి, ప్రతి చట్రాన్నీ పైనుంచి నిటారుగా ఫోటో తీయాలి. రెండు పద్ధతుల సమాచారాన్ని ఒకే పట్టికలో కలిపితే ఆ లెక్కకు అర్థం ఉండదు.

ఏం లెక్కపెట్టాలన్నది ఇంకొక చిక్కు. స్పంజికలో ‘ఒక జీవి’ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చాలాసార్లు చెప్పలేం. ఒకటి ముక్కలై రెండుగా బతుకుతుంది, ఒకే జాతికి చెందిన రెండు పొరలు కలిసిపోతాయి. కాబట్టి అతుకు లేకుండా ఉన్న ప్రతి భాగాన్నీ ఒక మచ్చగా లెక్కించి, దానితోపాటు అది కప్పిన విస్తీర్ణాన్ని కూడా కొలవడం మేలు. పీపాల్లా, కొమ్మల్లా పెరిగే జాతుల్లో విస్తీర్ణం కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే పైనుంచి తీసిన ఫోటోలో మీటరు ఎత్తున్న స్పంజిక కూడా చిన్న వృత్తంలాగే కనబడుతుంది. అలాంటివాటి ఎత్తూ వ్యాసమూ కొలిచి, శంకువుగానో స్థూపంగానో భావించి ఘనపరిమాణం లెక్కగట్టాలి. స్పంజిక ఎంత నీటిని వడగడుతుందో అంచనా వేయాలంటే అన్నిటికన్నా ఉపయోగపడేది ఘనపరిమాణమే.

నమూనాల సేకరణకు ఆయా దేశపు చట్టప్రకారం అనుమతి ముందుగానే తీసుకోవాలి. జన్యు వనరుల వినియోగం మీద 2010లో ఆమోదించిన నగోయా ఒప్పందం 2014 నుంచి అమల్లో ఉంది. నమూనాను వేరే దేశపు ప్రయోగశాలకు పంపాలనుకుంటే ఆ కాగితాలు లేకుండా అడుగు వేయవద్దు.

కత్తి పెట్టే ముందు

స్పంజిక ఎదుట కనీసం కొన్ని నిమిషాలు నిలిచి చూడండి. దూరం నుంచి, దాని పరిసరాలతో సహా ఒక ఫోటో, కొలబద్దతో మొత్తం ఆకారం ఒకటి, ఆస్కులమ్‌లూ ఉపరితలమూ స్పష్టంగా కనిపించేలా బాగా దగ్గరగా ఒకటి తీయాలి. నీటి లోతు పెరిగేకొద్దీ ఎరుపు రంగు కనుమరుగవుతుంది కాబట్టి ఫ్లాష్ గానీ దీపం గానీ తప్పనిసరి. పలక మీద రాయవలసినవి ఫోటోలో పడనివి: వేలితో నొక్కితే మెత్తగా అణిగి తిరిగి లేస్తుందా, పెళుసుగా విరుగుతుందా, జిగురు కారుతుందా, లోపలి రంగు పైరంగుకు భిన్నంగా ఉందా, తాకగానే ఆస్కులమ్ ముడుచుకుందా. లోతు, ఉష్ణోగ్రత, అడుగు రాతిదా ఇసుకదా, స్పంజిక మీద ఎంత మట్టి పేరుకుంది అన్నవి కూడా అక్కడే రాయాలి.

ఈ జాగ్రత్త ఎందుకో అప్లిసినా ఏరోఫోబాను చూస్తే తెలుస్తుంది. సముద్రంలో నిమ్మపండు పసుపులో మెరిసే ఈ స్పంజికను గాలిలోకి తీస్తే కాసేపట్లోనే నీలి నలుపులోకి మారుతుంది. సీసాలో నల్లటి ముక్కను మాత్రమే చూసినవారికి దాని అసలు రంగు ఊహకు కూడా అందదు. అదే సమయంలో, ‘పసుపు, గాలి తగలగానే నలుపు’ అన్న ఒక్క వాక్యం గుర్తింపును ఎంతో దూరం ముందుకు తీసుకెళుతుంది.

చేతితొడుగులు లేకుండా ఏ స్పంజికనూ తాకవద్దు. టెడానియా ఇగ్నిస్, నియోఫిబ్యులేరియా వంటివి చర్మం మీద తీవ్రమైన మంటనూ దద్దుర్లనూ కలిగిస్తాయి.

నమూనా తీయడం, భద్రపరచడం

మొత్తం స్పంజికను పెకలించవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. బొటనవేలంత ముక్కలో ఉపరితలమూ లోపలి భాగమూ రెండూ వచ్చేలా పదునైన కత్తితో కోసి, మొదలును అలాగే వదిలితే చాలా జాతులు తిరిగి పెరుగుతాయి. కరీబియన్‌లోని జెస్టోస్పాంజియా మ్యూటా అనే పెద్ద పీపా స్పంజికల్లో కొన్నిటి వయసు 2,000 ఏళ్లు దాటి ఉంటుందని 2008లో వెలువడిన పరిశోధన అంచనా వేసింది. అలాంటి జీవి నుంచి అవసరానికి మించి ఒక్క తునక కూడా తీయకూడదని నా గట్టి అభిప్రాయం. పలుచని పొరల్లా ఉండేవాటిని ఉలితో రాతి పెచ్చుతో సహా తీయాలి.

ప్రతి ముక్కనూ నీటిలోనే విడి సంచిలో వేయాలి. రెండు జాతులు ఒకే సంచిలో పడితే వాటి కంటకాలు కలిసిపోతాయి, ఆ కల్తీ సూక్ష్మదర్శిని కింద కొత్త జాతిలా కనబడుతుంది. ఒడ్డుకు చేరగానే ముక్కను 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. స్పంజిక శరీరం నిండా నీరే కాబట్టి ద్రవం ముక్కకు కనీసం అయిదారు రెట్లు ఉండాలి, మర్నాటికి దాన్ని పారబోసి కొత్తది పోయాలి. ఈ రెండోసారి మార్చడాన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత డీఎన్ఏ చెడిపోయిందని బాధపడతారు. ఫార్మలిన్‌ను సున్నపు స్పంజికల దగ్గరికి రానివ్వకండి, దానిలో ఏర్పడే ఆమ్లం కంటకాలను కరిగించేస్తుంది. చీటీని మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయాలి, సీసాపై అంటించినవి ఇథనాల్ తగిలి ఊడిపోతాయి, పెన్ను సిరా అలికిపోతుంది.

కంటకాలను విడదీయడం

గుర్తింపులో అసలు పని ఇక్కడే ఉంది. మిరియపు గింజంత ముక్కను గాజు గొట్టంలో వేసి, మునిగేలా సోడియం హైపోక్లోరైట్ బ్లీచ్ పోయండి. బుడగలు లేస్తూ కణజాలం అరగంట నుంచి కొన్ని గంటల్లో కరిగి, అడుగున తెల్లటి మడ్డిలా కంటకాలు మిగులుతాయి. మరిగే నైట్రిక్ ఆమ్లం వాడే పద్ధతి కూడా ఉంది, సిలికా కంటకాలు దానిలో మరింత శుభ్రంగా వస్తాయి గానీ విషపు ఆవిరిని బయటికి లాగేసే పొగగది (ఫ్యూమ్ హుడ్) తప్పనిసరి, సున్నపు కంటకాలైతే ఆనవాలు లేకుండా పోతాయి. విభాగం ఖాయంగా తెలియనప్పుడు బ్లీచ్‌తోనే మొదలుపెట్టడం క్షేమం.

తర్వాతి కడుగుడులో ఓపిక కావాలి. పెద్ద కంటకాలు నిమిషాల్లో అడుగుకు చేరతాయి గానీ పదుల మైక్రోమీటర్ల పొడవు కూడా ఉండని సూక్ష్మ కంటకాలు చాలాసేపు తేలుతూనే ఉంటాయి. తొందరపడి పైనీటిని వంపేస్తే జాతిని నిర్ణయించే ఆధారమే కాలువపాలవుతుంది. స్వేదన జలంతో మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ పూర్తిగా తేరనిచ్చి కడగాలి, చివరిసారి ఇథనాల్ పోయాలి. కడగడం చాలకపోతే స్లైడు మీద ఉప్పు స్ఫటికాలు ఏర్పడి కంటకాలుగా భ్రమింపజేస్తాయి. ఒక నమూనాకు వాడిన పిపెట్‌ను మరొకదానికి వాడవద్దు, కంటకాలు గాజుకు అతుక్కుని ఉండిపోతాయి. చుక్కను స్లైడు మీద ఆరబెట్టి, కెనడా బాల్సమ్ వేసి, కవర్‌స్లిప్‌తో మూయాలి.

సూక్ష్మదర్శిని కింద రెండు కొనలూ మొనదేలినవి ఆక్సియాలు, ఒక కొన గుండ్రంగా ఉన్నవి స్టైల్‌లు, గుండుసూది తలలాంటి ఉబ్బు ఉన్నవి టైలోస్టైల్‌లు. సూక్ష్మ కంటకాల్లో వంపు తిరిగిన సిగ్మాలు, లంగరు పళ్లలాంటి కీలాలు, నక్షత్రాకారపు ఆస్టర్లు ఉంటాయి. ప్రతి రకంలోనూ కనీసం 25 కంటకాల పొడవూ మందమూ కొలిచి, కనిష్ఠం, సగటు, గరిష్ఠం నమోదు చేయాలి. అరుదుగా ఒకటీ అరా కనిపించే రకాన్ని వెంటనే నమ్మకండి. స్పంజికలు బయటి ఇసుకనూ ఇతర జాతుల విరిగిన కంటకాలనూ తమ శరీరంలో ఇముడ్చుకుంటాయి. ఆ కంటకం నిజంగా ఈ జీవిదేనా అన్నది తేల్చేది కోత. ఉపరితలానికి లంబంగా ఒకటి, సమాంతరంగా ఒకటి పలుచని ముక్కలు కోసి చూస్తే కంటకాలు కట్టలుగా పేర్చి ఉన్నాయా, వలలా అల్లుకున్నాయా, అడ్డదిడ్డంగా ఉన్నాయా తెలుస్తుంది. అప్లిసినా వంటివాటిలో కంటకాలే ఉండవు. అక్కడ స్పాంజిన్ తంతువుల అల్లికే ఆధారం.

డీఎన్ఏ ఈ పనికి తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. ఇతర జంతువుల్లో జాతిని గుర్తించే బార్‌కోడ్‌గా వాడే మైటోకాండ్రియా సీఓ1 జన్యువు స్పంజికల్లో చాలా నెమ్మదిగా మారుతుంది కనుక దగ్గరి జాతులను తరచుగా విడదీయలేదు, అందువల్ల కణకేంద్రకంలోని 28ఎస్ రైబోజోమ్ జన్యు భాగాన్ని కూడా చదవడం మంచిది. మరోవైపు, ఖండాలన్నిటా ఉందనుకున్న కాండ్రిల్లా న్యూక్యులా నిజానికి ఒకదానినొకటి పోలిన పలు జాతుల సమూహమని బయటపెట్టింది జన్యు పరిశీలనే. రెండు ఆధారాలూ కుదరనప్పుడు బలవంతంగా పేరు తగిలించకుండా ప్రజాతి స్థాయిలో ఆగి, ‘జాతి 1’ అని రాయడమే నిజాయితీ. నమూనాను సంగ్రహాలయంలో జమచేసి దాని సంఖ్యను నివేదికలో ఇస్తే తర్వాతివారు సరిచూసుకోగలరు.

అడుగు జీవావరణంలో దాని పాత్ర

జాతుల పట్టికతో జీవావరణం అర్థం కాదు. స్పంజిక నీటి నుంచి ఏం తీసుకుంటోంది, ఏం విడుస్తోంది అన్నది కూడా చూడాలి. ఫ్లోరెసీన్ రంగును సిరంజితో పక్క ఉపరితలం దగ్గర మెల్లగా వదిలితే కొద్దిసేపటికి ఆస్కులమ్ నుంచి ఆకుపచ్చ ధార లేస్తుంది, దాని వేగాన్ని వీడియోలో కొలవవచ్చు. లోపలికి వెళ్లే నీటినీ బయటికి వచ్చే నీటినీ ఒకేసారి సేకరించి బాక్టీరియానూ కరిగిన సేంద్రియ పదార్థాన్నీ పోల్చితే ఆహారపు లెక్క తేలుతుంది. ఇతర జీవులు చాలావరకు వాడుకోలేని కరిగిన పదార్థాన్ని పగడపు దిబ్బల స్పంజికలు తీసుకుని, రాలిన కణాల రూపంలో పీతలూ నత్తలూ తినగల ఆహారంగా మారుస్తాయని 2013లో వచ్చిన పరిశోధన చూపించింది. ఇలా వడగట్టడం వల్ల చుట్టుపక్కల తిరిగే చేపల డీఎన్ఏ కూడా స్పంజిక కణజాలంలో చిక్కుతుందని 2019లో తేలింది. అంటే సరిగ్గా భద్రపరిచిన ఒక్క ముక్క పరిసరాల చేపల జాబితాను కూడా ఇవ్వగలదు.

పగడాలను తొలిచే క్లయోనా వంటి జాతులను విడిగా నమోదు చేయండి, అవి దిబ్బను కడుతున్నవి కావు, కరిగిస్తున్నవి.

లోతు నీటిలో పని ఆర్‌ఓవీ (దూరం నుంచి నడిపే, మనుషులు లేని నీటి అడుగు వాహనం) కెమెరాలతోనే జరుగుతుంది. తెలిసిన ఎడంలో ఉన్న రెండు సమాంతర లేజర్ చుక్కలు చిత్రంలో కొలబద్దగా ఉపయోగపడతాయి. ట్రాల్ వలలో (సముద్రపు అడుగున ఈడ్చుకెళ్లే వల) వచ్చినదాన్ని బట్టి సమృద్ధిని అంచనా వేయవద్దు, మెత్తటివి ముక్కలై వల కళ్ల నుంచి జారిపోతాయి. పైగా ట్రాల్ చేసే నష్టం తీరదు. కెనడా పశ్చిమ తీరంలో హెకేట్ జలసంధి ప్రాంతపు గాజు స్పంజికల దిబ్బలను 1987లో సోనార్ సర్వేలో కనుగొన్నారు. చనిపోయిన అస్థిపంజరాల మీద కొత్తవి స్థిరపడుతూ దాదాపు 9,000 ఏళ్లుగా పెరిగిన ఆ దిబ్బలకు 2017లో రక్షిత ప్రాంతపు హోదా వచ్చింది. స్పంజికలు దట్టంగా ఉన్నచోటు కెమెరాకు చిక్కితే ఆ సమాచారాన్ని మత్స్య నిర్వహణ సంస్థలకు చేరవేయడం కూడా సర్వేలో భాగమే.

మళ్లీ అదే చోటికి వెళ్లాలంటే క్వాడ్రాట్ మూలల్లో తుప్పు పట్టని మేకులు కొట్టి, స్థానాన్ని నమోదు చేసి, ఏటా అదే ఋతువులో ఫోటోలు తీయాలి. పాత ఫోటో మీద ప్రతి మచ్చకూ సంఖ్య వేసి, కొత్త ఫోటోలో అది పెరిగిందా, కుంచించుకుపోయిందా, చీలిందా, పొరుగుదానితో కలిసిందా, పూర్తిగా పోయిందా అన్నవాటిని వేర్వేరు గడుల్లో నింపాలి. ఆస్కులమ్‌లు మూసుకుని ముడుచుకున్న స్పంజికను చనిపోయినట్టు రాయవద్దు. తుఫాను తర్వాతో మట్టి ఎక్కువైనప్పుడో చాలా జాతులు అలాగే మూసుకుంటాయి, కొన్ని రోజులాగి మరోసారి చూసిన తర్వాతే ఆ గడి నింపండి.