కొండ ఎక్కే రోజుల్లో నొప్పి సూది: వేయించుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

తమిళుల పెరటాసి నెలలో వచ్చే శనివారాలు, బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే తిరుపతిలో మోకాళ్ల నొప్పుల కాలం వచ్చినట్టే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. అలవాటు లేని మనిషి వీటిని ఎక్కితే మరునాడు పిక్కలు, మోకాళ్లు పట్టేయడం సహజం. తిరుగు ప్రయాణానికి వేళ అవుతుంటే చాలామంది దగ్గరలో కనిపించిన క్లినిక్కుకో, ఊరు చేరాక ఆర్‌ఎంపీ దగ్గరకో వెళ్లి ‘ఒక నొప్పి సూది వేయండి’ అని అడుగుతారు. కొందరైతే నొప్పి రాకుండా ఉండాలని మెట్లు ఎక్కకముందే వేయించుకుంటారు. ఈ రెండో అలవాటు మొదటిదానికన్నా ప్రమాదకరం.

ఆ సూదిలో ఉండేది ఎక్కువగా డైక్లోఫెనాక్, కొన్నిచోట్ల కెటోరోలాక్. మాత్ర అయితే కడుపులో మంట వస్తుందని, సూది అయితే కడుపుకు ఏమీ కాదని మన వైపు గట్టి నమ్మకం ఉంది. అది నిజం కాదు. వాపును, నొప్పిని పెంచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు శరీరంలో తయారు కాకుండా ఈ మందు అడ్డుకుంటుంది. కడుపు లోపొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మందు నోటి నుంచి వెళ్లినా, పిరుదు కండరం నుంచి వెళ్లినా చివరికి రక్తంలోనే కలుస్తుంది కాబట్టి పుండు, రక్తస్రావం వచ్చే అవకాశం రెండింటిలోనూ ఉంటుంది.

మూత్రపిండాల సంగతి కొండ ఎక్కేవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఉపవాసంతో, చాలినంత నీళ్లు తాగకుండా, గంటల తరబడి చెమట కారుస్తూ మెట్లు ఎక్కిన శరీరంలో నీరు తగ్గి, మూత్రపిండాలకు రక్తప్రసరణ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. ఆ సమయంలో ఈ సూది పడినా, ముందే వేయించుకున్న మందు ఒంట్లో ఉన్నా వాటికి మిగిలిన ఆధారం కూడా పోతుంది. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మాత్రలతోపాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా వేసుకునేవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. అందువల్ల ముందుగా మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో తాగి, మూత్రం మామూలుగా వస్తోందని చూసుకోవాలి. కాస్త విశ్రాంతి, మోకాలికి ఐసు కాపడం, ఆరు గంటలకొకటి చొప్పున పారాసిటమాల్ 650 సరిపోయే నొప్పికి సూది దాకా వెళ్లనక్కరలేదు. మెట్లెక్కిన ఒళ్లునొప్పుల్లో చాలావరకు ఈ కోవలోవేనని నా అభిప్రాయం.

కడుపులో పుండు ఉన్నవారు, గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఆస్పిరిన్ వంటి మాత్ర వేసుకుంటే ఆయాసం వచ్చేవారు ఈ సూది వేయించుకోకూడదు. గర్భం 20 వారాలు దాటాక దీనికి దూరంగా ఉండాలి, చివరి మూడు నెలల్లో అసలే కూడదు. వార్‌ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు, అడిగినా అడగకపోయినా ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఒళ్లునొప్పులతోపాటు జ్వరం కూడా ఉంటే విషయం వేరు. ఈ వానల కాలంలోనే మన జిల్లాల్లో డెంగీ కనిపిస్తుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గి రక్తస్రావం జరిగే ప్రమాదం ఉన్నందున, అది కాదని తేలేవరకు పారాసిటమాల్ తప్ప మరే నొప్పి మందూ వద్దు.

డాక్టరు చూసి సూది అవసరమే అన్నారనుకుందాం. ఆంపూల్‌ను, అంటే మందు ఉండే చిన్న గాజు సీసాను, మీ ఎదుటే పగలగొట్టమని అడగండి, అడగడానికి మొహమాటపడవద్దు. దాని మీద మందు పేరు, గడువు తేదీ చూడండి. డైక్లోఫెనాక్ అయితే సాధారణంగా 75 మిల్లీగ్రాములని ఉంటుంది. మనుషులకు వాడే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ 3 మిల్లీలీటర్లకు మించని, ఒక్కసారికే సరిపోయే సీసాలోనే ఉండాలని 2015లో ప్రభుత్వం నియమం పెట్టింది. పెద్ద సీసాలు పశువులకు మళ్లడం, ఆ కళేబరాలు తిన్న రాబందులు చనిపోవడం దానికి కారణం. కాబట్టి పలుమార్లు సూది గుచ్చిన పెద్ద సీసా కనిపిస్తే అక్కడి నుంచి లేచి రావడమే మేలు. సిరంజి కవరు కూడా మీ ముందే చించాలి.

నిలబడి, పంచె కాస్త కిందికి జరిపి వేయించుకోవడం మన దగ్గర మామూలే గానీ అది సరైన పద్ధతి కాదు. బోర్లా పడుకుని, కండరాన్ని వదులుగా ఉంచి, పిరుదును నాలుగు భాగాలుగా అనుకుంటే పైవైపు, బయటివైపు ఉన్న భాగంలోనే లోతుగా వేయించుకోవాలి. లోపలివైపు, కిందివైపు వేస్తే కాలికి వెళ్లే పెద్ద నరం దెబ్బతిని పాదం పైకి లేవకుండా పోవచ్చు. డైక్లోఫెనాక్ రోజు మొత్తానికి 150 మిల్లీగ్రాములు దాటకూడదు, సూది రూపంలో రెండు రోజులకు మించకూడదు. కెటోరోలాక్ అయితే సూది, మాత్ర కలిపి ఐదు రోజులే. సూది వేయించుకుని వచ్చి, అది చాలదన్నట్టు మెడికల్ షాపులో వోవెరాన్, జీరోడాల్, కాంబిఫ్లామ్ కొనుక్కుని మింగడం ఒకే జాతి మందును రెండింతలు తీసుకోవడమే.

సూది పడ్డాక అరగంటసేపు అక్కడే కూర్చోవాలి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చికిత్స మొదలుపెట్టించి 108కి ఫోన్ చేయాలి. గుచ్చిన క్షణం నుంచే భరించలేని నొప్పి పుట్టి, ఆ చోట చర్మం తెల్లబారి, తర్వాత నీలంగా వలలా మచ్చలు తేలితే రక్తనాళాలు మూసుకుపోయి కండ కుళ్లే ప్రమాదం ఉందని అర్థం. కాపడం పెట్టుకుంటూ ఇంట్లో కూర్చోకుండా తిరుపతిలోని రుయా వంటి పెద్దాసుపత్రికి ఆ పూటే వెళ్లాలి. తర్వాతి రోజుల్లో మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ముఖం, కాళ్లు ఉబ్బినా అంతే. ఏ మందు, ఏ మోతాదు, ఎన్ని గంటలకు వేశారో చీటీ మీద రాయించుకుని ఉంటే అక్కడి డాక్టర్లకు సగం పని తగ్గుతుంది.