స్టూలుకీ షెల్ఫుకీ కలప ఎక్కడ కొనాలి

కొట్టుకి వెళ్లే ముందు లెక్క వేసుకోండి. వెడల్పు, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడూ హెచ్చవేసి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. 18 అంగుళాల ఎత్తు స్టూలుకి ఒకటిన్నర అంగుళాల చదరపు కాళ్లు నాలుగు, అడుగు పొడవున 2×1 అడ్డపట్టీలు నాలుగు, అంగుళం మందంలో అడుగు చదరం పైచెక్క కావాలి. అంతా కలిపి 0.23. కోతకీ చిత్రికకీ పోయేది చేరిస్తే 0.3 ఘనపుటడుగు. ఇంత కొంచేనికి దుంగ కోయించడం దండగ. నెల్లూరైనా ఒంగోలైనా, ద్వారబంధాలు కోసే సామిల్లులో మిగిలిన టేకు, వేప ముక్కలు అడగండి. చిత్రిక పట్టాక అంగుళం మిగలాలంటే అంగుళంపావు మందం తీసుకోవాలి.

పాత మిద్దెలు కూల్చిన చోట దొరికే దూలాలు ఇంకా మేలు, ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి. అయితే గోడలో దిగిన చివర చెదపట్టి ఉండొచ్చు, అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. కొయ్యకముందు అయస్కాంతం తిప్పండి, ఒక్క మేకు తగిలినా రంపం పళ్లు పోతాయి.

కృష్ణపట్నం పోర్టు సరుకుతో వచ్చిన ప్యాలెట్ చెక్క దొరికితే ముద్ర చూడండి. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది, వాడుకోవచ్చు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించింది, ఇంట్లోకి వద్దు. సరుగుడు గుంజలకే బాగుంటుంది, పలకలు కోస్తే ఆరేటప్పుడు పగులుతుంది. ఉదయగిరి, రాపూరు వైపు ఎవరైనా ఎర్రచందనం ముక్క ఇస్తామంటే ముట్టుకోకండి, అది కేసు వ్యవహారం. వంటగది అలమరాకైతే తడికి తట్టుకునే రకం, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ చాలు.

ఎక్కడ కొన్నా అసలు చిక్కు పచ్చిదనమే. చెక్క ఆరేకొద్దీ వెడల్పులో కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు. అందుకే పచ్చి చెక్కతో బిగించిన స్టూలు కొన్ని నెలలకే కదులుతుంది, పైచెక్క చీలుతుంది. ఒకే కొలత పలకలు రెండు చేత్తో ఎత్తి చూడండి, ఒకే రకం కలపలో బరువైనది పచ్చిదై ఉండొచ్చు. అనుమానముంటే చిన్న ముక్క అడిగి తెచ్చి వంటింటి కాటాలో తూచండి, వారం నీడలో ఉంచి మళ్లీ తూచండి. బరువు తగ్గితే ఆ సరుకు ఇంకా ఆరలేదన్నమాట. అంచున తెల్లచెక్క ఎక్కువున్న పలక వదిలేయండి, పురుగు మొదట పట్టేది దానికే. మీకు కావలసింది చేవ, అంటే మాను లోపలి ముదురు చెక్క.

ఇంటికి తెచ్చాక పలకల మధ్య రీపర్లు, అంటే సన్నని చెక్క పట్టీలు పెట్టి, నీడలో, నేలకి ఎత్తుగా పేర్చండి. చివరలకు పాత పెయింటు పూయండి, అక్కడే తొందరగా ఆరి పగులుతుంది.