యూకేలో గ్రాడ్యుయేట్ ఎంట్రీ మెడిసిన్‌కి (ఏదో ఒక డిగ్రీ అయ్యాక చేసే డాక్టర్ కోర్సు, మామూలుగా నాలుగేళ్ళు) అప్లై చేసే ముందు

- ముందు వీసా సంగతి తేల్చుకోండి. ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) రాకుండా వర్క్ వీసా మీదే ఉంటే మామూలుగా హోమ్ ఫీజు (అక్కడివాళ్ళకి ఉండే తక్కువ ఫీజు) ఇవ్వరు, పైగా చాలా నాలుగేళ్ళ కోర్సులు హోమ్ స్టూడెంట్స్‌నే తీసుకుంటాయి, అది చూసుకోకుండా కోచింగ్‌కి డబ్బు కట్టేయకండి.

- వయసు నలభై అయినా భయం లేదు, అడ్డొచ్చేది డిగ్రీ క్లాసే. మన బీటెక్ పర్సెంటేజీ వాళ్ళ లెక్కలో 2:1తో (ఫస్ట్ క్లాస్ తర్వాతి గ్రేడ్) సమానం అవుతుందో లేదో కాలేజీకి మెయిల్ పెట్టి అడగండి, జవాబు దాచుకోండి. బోర్డర్‌లో ఉన్నవాళ్ళు మరీ ముఖ్యంగా.

- యూక్యాట్‌తో పాటు గామ్‌శాట్ కూడా రాయాలా (రెండూ మెడిసిన్ ఎంట్రన్స్ పరీక్షలే) అనేది కాలేజీని బట్టి. వారిక్ యూనివర్సిటీ యూక్యాట్ చూస్తుంది, ఏ సబ్జెక్ట్ డిగ్రీ అయినా సరే. యూక్యాట్ ఏడాదికి ఒక్కసారే రాయనిస్తారు, స్కోరు ఆ ఏడాదికే పనికొస్తుంది, అందుకే ఆఫీసులో ఆడిట్ నడుస్తుండగా డేట్ బుక్ చేసుకోవద్దు.

- మెడిసిన్‌కి యూకాస్‌లో (యూకే యూనివర్సిటీలకి అప్లై చేసే వెబ్‌సైట్) నాలుగు ఛాయిస్‌లే, గడువు అక్టోబర్ 15. నాలుగూ పెద్ద పేర్లే పెట్టేస్తుంటారు మనవాళ్ళు, ఎందుకో! మీ స్కోరుకి ఎక్కడ ఇంటర్వ్యూ వస్తుందో అక్కడే పెట్టండి.

- రిఫరెన్స్ ఇచ్చే లెక్చరర్‌ని వేసవిలోనే పట్టుకోండి. కేర్ హోమ్‌లో చేసిన పని ఉంటే తేదీలతో లెటర్ తీసుకోండి.

- ఇంగ్లండ్‌లో మొదటి ఏడాది ఫీజులో కొంత సొంతంగా కట్టాలి, ఇంట్లో ముందే చెప్పండి.