పెళ్ళి ఆగిపోతే కట్టిన అడ్వాన్సులు వెనక్కి రాబట్టుకోవడం ఎలా?

పెళ్ళి ఆపుకోవాల్సి వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ డబ్బు మాట ఎత్తబుద్ధి కాదు. మైల వచ్చి ఆగితే మరీను. కానీ హాలువాళ్ళకు కబురు ఎంత ఆలస్యమైతే డబ్బు తిరిగొచ్చే ఆశ అంత తగ్గుతుంది. కాబట్టి బాబాయో, మేనమామో, పెద్దబావో, కాస్త నిలకడగా మాట్లాడగల ఒకరికి ఈ పని అప్పగించండి. నలుగురూ నాలుగు ఫోన్లు చేస్తే నాలుగు మాటలు అవుతాయి.

రసీదు కింద 'అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు' అని అచ్చేసి ఉంటే దాంతో అంతా అయిపోయిందని అనుకోకండి. అలాగని కట్టిన ప్రతి రూపాయీ వస్తుందనీ కాదు. అవతలివాళ్ళకు నిజంగా ఎంత నష్టమైంది? బేరమైనా, నోటీసైనా, కేసైనా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1. ఫోన్ చేయండి, వెంటనే రాసి కూడా పంపండి

మాట్లాడాక అదే విషయం వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పెట్టండి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండీ. మా అమ్మాయి పెళ్ళికి ఫిబ్రవరి 19 రాత్రికి మీ హాలు బుక్ చేశాం. అడ్వాన్స్ 1,50,000 ఇచ్చాం, రసీదు ఫొటో పెడుతున్నాను. నిన్న మా నాన్నగారు కాలం చేశారు, పెళ్ళి ఆపుకున్నాం. ఆ తేదీ వేరేవాళ్ళకు ఇచ్చుకోండి. మీకు ఖర్చు ఏమైనా అయి ఉంటే లెక్క చెప్పి, మిగతాది పంపగలరు."

ఇందులో అసలైన వాక్యం 'ఆ తేదీ వేరేవాళ్ళకు ఇచ్చుకోండి' అన్నదే. నష్టం తగ్గించుకునే దారి ఉండి కూడా ఊరుకుంటే, ఆ నష్టమంతా అవతలివారి మీద వేయడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఒప్పుకోదు. మన దగ్గర మంచి ముహూర్తాలు కొన్నే ఉంటాయి, ఆ రోజుల్లో హాలు దొరక్క తిరిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ రోజు మీ మనిషి ఒకరు అటుగా వెళ్ళి, గేటు దగ్గర ఎవరి పేర్లతో ఫ్లెక్సీ కట్టారో తేదీతో సహా ఫొటో తీసుకురావాలి. హాలు ఇంకొకరికి వెళ్ళిపోతే మీ అడ్వాన్స్ మొత్తం ఉంచేసుకోవడానికి వాళ్ళకు సాకు మిగలదు.

2. ఎవరికి ఎంత ఇచ్చారో ఒక కాగితం మీదకు తెండి

రసీదులు, యూపీఐ స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో రాసిచ్చిన అంకెలు, అన్నీ ఒకచోట పెట్టండి. నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే, గొడవ ముదరకముందే "మొత్తం మీకు 80 వేలు ముట్టింది కదండీ" అని మెసేజ్ పెట్టి ఔననిపించుకోండి. తర్వాత అడిగితే ఎవరూ జవాబివ్వరు. మరణ ధ్రువపత్రం, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, కలెక్టరు ఉత్తర్వు, ఏ కారణమైతే దానికి తగ్గ కాగితం జతచేయండి.

3. అందరినీ ఒకేలా అడగొద్దు

క్యాటరింగ్‌వాళ్ళు కూరగాయలు, పాలు పెళ్ళికి ఒకటి రెండు రోజుల ముందే కొంటారు. మూడు వారాల ముందు చెబితే వాళ్ళ ఖర్చు మహా అయితే వంటవాళ్ళకు ఇచ్చిన బయానా. అదెంతో అడిగి, అంతవరకే వదులుకోండి. డెకరేషన్‌వాళ్ళు పూలకు ఆర్డరు ఇచ్చారా లేదా అన్నది చూడాలి. సెట్టింగులు, షామియానాలు వాళ్ళ గోడౌన్‌లోనే ఉంటాయి, రేపు ఇంకో పెళ్ళికి అవే వెళ్తాయి. ఫోటోగ్రాఫర్ ప్రీ వెడ్డింగ్ షూట్ చేసేసి ఉంటే ఆ డబ్బు అతనిదే. శుభలేఖలు, కుట్టించిన జాకెట్లు మరిచిపోండి. పురోహితుడికి ముందే ఇచ్చిన సంభావన అడగకపోవడమే మర్యాద, మళ్ళీ ముహూర్తం పెట్టించుకోవాల్సింది ఆయన దగ్గరే.

"జీఎస్టీ కట్టేశామండీ, అది రాదు" అని కొందరు అంటారు. అడ్వాన్స్ తీసుకుని సేవ అందించకపోతే రిఫండ్ వోచర్ ఇచ్చే ఏర్పాటు జీఎస్టీ చట్టంలోనే ఉంది. ఇన్వాయిస్ ఇచ్చేసి ఉంటే, ఆ బిల్లును తగ్గించి రాసిచ్చే క్రెడిట్ నోట్ ఉంటుంది. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకుని అడగండి.

4. 'ఇంకో ముహూర్తానికి వాడుకోండి' అంటే

పెళ్ళి వాయిదా మాత్రమే అయితే ఇది మంచి బేరమే. ఒప్పుకునే ముందు పంచాంగం చూడండి. ఆరు నెలల గడువు ఇచ్చారనుకోండి, అందులో మూఢం, ఆషాఢం పోతే చేతికి ఎన్ని ముహూర్తాలు మిగులుతాయి? పాత రేటుకే ఇస్తారా, కుదరకపోతే డబ్బు తిరిగి ఇస్తారా అన్నవి రాయించుకోండి. సంబంధమే తప్పిపోయి ఆగిన పెళ్ళికైతే డబ్బే అడగండి. మళ్ళీ పెళ్ళి ఎప్పుడో, ఏ ఊళ్ళోనో ఎవరికి తెలుసు!

5. చట్టం మీ పక్షాన ఎంతవరకు ఉందో తెలుసుకోండి

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హాళ్ళు తెరవడానికే వీల్లేదు. తర్వాత కూడా పెళ్ళికి 50 మందికి మించకూడదని కేంద్ర హోంశాఖ ఆంక్ష పెట్టింది. ఇలా ఒప్పందం అమలు చేయడమే అసాధ్యమైతే కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ కింద అది చెల్లకుండా పోతుంది, అందుకున్న ప్రయోజనం తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. వరదలో మునిగిన హాలుకూ, అధికారులు సీలు వేసిన హాలుకూ ఇదే దారి.

ఇంట్లో మనిషి పోతే మాత్రం వాదన ఇంత సులువు కాదు. హాలు తెరిచే ఉంది, వాళ్ళు ఇవ్వడానికి సిద్ధమే, ఆపుకున్నది మీరు. ఇక్కడ పనికొచ్చేది 74వ సెక్షన్. ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా, అందులో న్యాయమైన పరిహారం వరకే దక్కుతుంది. నష్టమే లేనప్పుడు ఆ సెక్షన్ కింద పరిహారం కూడా ఉండదని 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసులో ఈ ఒక్క వాక్యం రాస్తే అవతలివాళ్ళ లాయరుకు విషయం అర్థమవుతుంది.

6. డబ్బు కట్టిన దారిలోనే ఒకసారి వెతకండి

క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, సేవ అందలేదన్న కారణంతో బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు. దానికి గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు. మీరే ఆపుకున్న పెళ్ళికి ఇది అంత తేలిగ్గా పనిచేయదు, హాలువాళ్ళే చేతులెత్తేసినప్పుడు బాగా పనికొస్తుంది. యూపీఐలో మీ అంతట మీరు పంపిన డబ్బును బ్యాంకు వెనక్కి తేలేదు. పెళ్ళికి ఇన్సూరెన్స్ చేయించి ఉంటే పాలసీ కాగితం తీసి, ఏ బంధువు మరణానికి వర్తిస్తుందో చదవండి. మనసు మారి ఆపుకున్న పెళ్ళికి అది రాదు.

7. మాట వినకపోతే

15 రోజుల గడువుతో ఒక పేజీ నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. లాయరే రాయాలని లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. చాలాచోట్ల ఈ దశలోనే సగమో ముప్పాతికో ఇచ్చి వదిలించుకోవాలని చూస్తారు. కోర్టు చుట్టూ తిరిగే ఓపిక లేకపోతే అది చెడ్డ బేరం కాదు.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వైజాగ్ హాలు మీద హైదరాబాద్‌లో ఉంటూ వేసినా చెల్లుతుంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, సొంతంగా వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్ళు.

ఇంకో దారి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కేసు వేయకముందే అర్జీ పెట్టుకుంటే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరి అవార్డు (తీర్పు కాగితం) ఇస్తే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు.

రాజీ ఎక్కడ కుదిరినా, చెక్కు ఇస్తూ 'ఇకపై మాకు ఏ బాకీ లేదు' అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. చెక్కు మారి డబ్బు ఖాతాలో పడ్డాకే ఆ సంతకం పెట్టండి. అప్పటిదాకా అసలు రసీదు మీ దగ్గరే ఉండాలి, వాళ్ళకు జిరాక్స్ చాలు.